35 లక్షల్లో సొంతిల్లు: విజయనగరమా, శ్రీకాకుళమా?

పనసతొన:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె, కానీ చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. ఇక్కడ ఫ్లాట్ కొంటే జీతమంతా ఈఎంఐకే సరిపోతుంది, అది మావల్ల అయ్యే పని కాదు. నాది ఇంటి నుంచే పని, అప్పుడప్పుడూ వైజాగ్ ఆఫీసుకి వెళ్ళొస్తే చాలు. ఇంట్లో మా ఆవిడ, ఏడో తరగతి చదివే పాప, సుగరు బీపీ ఉన్న మా అమ్మ. రిజిస్ట్రేషన్ ఖర్చుతో కలిపి 35 లక్షలు దాటకూడదు. మా బావమరిదేమో భోగాపురం వైపు ప్లాటు కొనేయ్ బావా, ఎయిర్‌పోర్టు వచ్చాక నీ దశ తిరిగిపోద్ది అని రోజూ ఫోన్లో ఊదరగొడుతున్నాడు. అమ్మ మాత్రం శ్రీకాకుళమే అంటోంది, అరసవల్లి దగ్గరని. ఆ చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

నాగావళి_గట్టు:
ముందు బావమరిది ఫోను సైలెంట్‌లో పెట్టండి. భోగాపురానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచీ అక్కడ ప్రతి సెంటు రేటులోనూ విమానం చప్పుడు కలిపేసే అమ్ముతున్నారు. పెట్టుబడికైతే మీ ఇష్టం, పాపని స్కూల్లో వేసి అమ్మకి నెలనెలా మందులు తేవాల్సిన మనిషికి మాత్రం ఖాళీ లేఅవుట్ మధ్యలో ఒంటరి ఇల్లు పనికిరాదు.

నా ఓటు విజయనగరానికి. జంక్షన్ స్టేషన్, హౌరా లైనూ రాయపూర్ లైనూ కలిసేది అక్కడే, వైజాగ్ రైల్లో గంట ప్రయాణం, రోజూ పాస్ మీద వెళ్ళొచ్చే ఉద్యోగులు బోలెడుమంది. జిల్లా ఆస్పత్రి ముందే ఉంది, 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది. మీ బడ్జెట్‌లో కొత్త ఇల్లు కష్టం గానీ తోటపాలెం, బాబామెట్ట, దాసన్నపేట లాంటి చోట్ల పాత డాబా ఇళ్ళు ఓపిగ్గా తిరిగితే తగులుతాయి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడి, ఇక్కడి ఇల్లు చూసుకునేవాళ్ళు లేక అమ్ముతుంటారు. అలాంటివి బోర్డు పెట్టరు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగితే తెలుస్తుంది. మూడు లాంతర్ల పక్కన మాత్రం తీసుకోకండి, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి మీ గుమ్మం ముందే ఊరంతా నిలబడుద్ది, కారు సంగతి మర్చిపోవాలి.

ఇల్లు చూడ్డానికి మేలో ఒకసారి, వానల్లో ఒకసారి వెళ్ళండి. మేలో అయితే కుళాయి ఎన్నింటికి వస్తోంది, ఎంతసేపు వస్తోంది పక్కింటావిడని అడగండి. బోరు నీళ్ళయితే వాళ్ళ వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె చూడండి, అడుగున తెల్లటి పొర గరుకుగా తగిలితే ఆ నీళ్ళు ఎలాంటివో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వానల్లో అయితే గోడలు చూడండి, నేల నుంచి మోకాలెత్తు దాకా సున్నం పొక్కులు లేచి ఉంటే ఆ వీధిలో నీరు నిలుస్తున్నట్టే.

జీడిపప్పు_పలాస:
గట్టు గారూ, మీరు విజయనగరం వాళ్ళని తెలిసిపోతోంది. శ్రీకాకుళంలో బలగ వైపు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి 2008 నుంచే ఉంది, హైవే ఊరి పక్కనే, వైజాగ్‌కి బస్సులకి కొదవలేదు. ఒక్కటే లోటు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, రాత్రి బండి దిగితే ఆటోవాడు చెప్పిందే రేటు. అందుకే నేనైతే ఆమదాలవలసలోనే చూడమంటాను. స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు, మీ అమ్మగారు అరసవల్లికి ఆటోలో వెళ్ళొస్తారు, ఇల్లు టౌన్ కన్నా చవగ్గా దొరుకుతుంది.

మాది ఉద్దానం వైపు. అటు ఇంకా చవక, కొబ్బరి తోటలు చూసి ఎవరైనా మనసు పారేసుకుంటారు. కానీ 2018లో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఆ తోటలన్నీ నేలకొరిగించింది, కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి పెట్టారు, హిరమండలం నుంచి నీళ్ళు తెచ్చారు, మంచిదే. అయినా బయటినుంచి కొత్తగా వచ్చి, అదీ బీపీ ఉన్న పెద్దావిడతో ఇక్కడ ఇల్లు కొనమని నా నోటితో నేను చెప్పలేను.

స్టాంపు_కాగితం:
ఊరు ఏదైనా తీసుకోండి, కాగితాలు ముఖ్యం. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, కనీసం ముప్పై ఏళ్ళకి తీయించండి, లింక్ డాక్యుమెంట్లు, అంటే చేతులు మారిన పాత దస్తావేజులు, ఒక్కటి కూడా తెగకూడదు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. పల్లెల్లో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్ళు చవగ్గా ఉంటాయి గానీ బ్యాంకు లోను దగ్గర ఆగిపోతారు, మొత్తం నగదు ఉంటేనే ఆలోచించండి. డీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది) అంటే దండం పెట్టి వచ్చేయండి. సీతంపేట లాంటి ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూముల్ని కాపాడే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుల పేరు మీద రిజిస్ట్రేషనే అవ్వదు, కానీ "నోటరీ చేయిద్దాం సార్" అనే బ్రోకర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం అవుతుంది, పాత ఇంటికి మరమ్మతులు, కొత్త వైరింగు వేరే. కాబట్టి 35 ఉంటే బేరం 30 దగ్గర మొదలుపెట్టండి.

పనసతొన:
అందరికీ చాలా థాంక్స్. భోగాపురం ఆలోచన మానేశాను, బావమరిదికి ఈ రాత్రే చెప్పేస్తా, నాలుగు రోజులు అలుగుతాడు, పర్లేదు. పాప స్కూలు జూన్‌లో మొదలు కాబట్టి ముందు విజయనగరంలో ఏడాది అద్దెకి దిగి, ఆదివారాలు ఇటు ఆమదాలవలస దాకా తిరిగి చూద్దామనుకుంటున్నాం. అద్దెలు ఎలా ఉన్నాయి గట్టు గారూ?

నాగావళి_గట్టు:
హైదరాబాద్‌లో కడుతున్నదాంట్లో సగం కూడా అవ్వదు. ఏప్రిల్ నెలాఖరుకే వచ్చేయండి, జూన్‌కి స్కూళ్ళ దగ్గర ఇళ్ళు మిగలవు. మేడ మీద వాటా వద్దు, అమ్మగారికి మెట్లు కష్టం.