ఎస్‌ఆర్‌-71 లోహ నమూనా: వెండిరంగు టైర్లు, రెక్క మీద గీతలు – ఒక సందేహం

ప్రశ్న:
పాత సేకరణ నుంచి ఎస్‌ఆర్‌-71 బ్లాక్‌బర్డ్ నిఘా విమానం డై-కాస్ట్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోతపోసిన) నమూనా ఒకటి ఇటీవల నా చేతికి వచ్చింది. పెట్టె మీద స్కేలు 1:72 (అసలులో 72వ వంతు) అని ఉంది. దాని టైర్లు నల్లగా కాక వెండిరంగులో ఉన్నందున, పాత యజమాని ఎవరో రంగు పూశారేమోనని నా అనుమానం. రెక్కల మీద ముందు నుంచి వెనక్కి సన్నని గీతలు ఉన్నాయి. కుడి రెక్క మొదట్లో మాత్రం ఒక గీత వాటికి అడ్డం పడి వంకరగా సాగుతోంది. టైర్లకు నల్లరంగు వేసి, వేలిముద్రలు పడిన చోట పాలిష్ పెడదామనుకుంటున్నాను. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
ముందుగా ఆ నల్లరంగు సీసాకు మూత పెట్టేయండి. అసలు విమానం టైర్లూ వెండిరంగువే. ధ్వనికి మూడు రెట్లకు మించిన వేగంతో ఎగిరేటప్పుడు దాని పైతొడుగు 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కేది కనుక, లోపలికి ముడుచుకున్న టైర్లు ఆ వేడికి పాడవకుండా వాటి రబ్బరులో అల్యూమినియం పొడి కలిపేవారు. ప్రధాన చక్రాలు ఒక్కో కాలికి మూడేసి, ముక్కు కింద రెండు ఉన్నాయో లేదో కూడా లెక్కపెట్టి చూడండి.

ముందు నుంచి వెనక్కి పోయే గీతల గురించీ కంగారు పడనక్కర్లేదు. వేడికి వ్యాకోచించినప్పుడు రెక్క మెలితిరగకుండా ఉండేందుకు దాని టైటానియం రేకును ఆ దిశలోనే ముడతలుగా రూపొందించారు. వంకర గీత సంగతి మాత్రం వేరు. దాన్ని భూతద్దంతో చూసి, అంచుల్లో రంగు పైకి లేచిందో లేదో చెప్పండి.

రెండవ జవాబు:
పాలిష్ ఆలోచన కూడా మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. మెరుపులేని రంగును రుద్దితే రుద్దిన మేర నున్నబడి శాశ్వతంగా మెరుస్తుంది. పోయిన మచ్చ కన్నా వచ్చిన మెరుపే ఎక్కువగా కళ్లలో పడుతుంది. నీటిలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డను తడిపి గట్టిగా పిండి, ముద్రల మీద తేలిగ్గా అద్దండి. స్పిరిట్ తగిలితే ముద్రించిన అక్షరాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. పనిలో పనిగా పొడవు కొలవండి: అసలు విమానం 32.74 మీటర్లు, అంటే మీ నమూనా సుమారు 45.5 సెంటీమీటర్లు ఉండాలి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పొడవు సరిపోయింది, చక్రాల లెక్కా సరిపోయింది. తోక మీద 17972 అని ఉంది. వంకర గీత దగ్గర మాత్రం రంగు బుడగలా ఉబ్బింది. వేలితో తాకితే గరుకుగా తెలుస్తోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అలాగైతే అది జింక్ తెగులు కావచ్చునండి. పోతపోసే జింక్ మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే, తేమ తగిలినప్పుడు లోహం లోపలి నుంచే క్షీణించి, ఉబ్బి, చివరికి పెళుసుగా విరుగుతుంది. దీన్ని నయం చేసే మందు లేదు, పక్క నమూనాలకు అంటుకునేదీ కాదు; పొడి గాలిలో, వేడి మారని చోట ఉంచితే క్షీణత నెమ్మదిస్తుంది. పగులును జిగురుతో నింపి పైన రంగు వేస్తే లోపల ఏం జరుగుతోందో కనిపించకుండా పోతుంది కాబట్టి అలా చేయకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, రెండు నెలలకోసారి పోల్చి చూడండి.

మీ తోక సంఖ్య గురించి ఒక మాట. 1974 సెప్టెంబర్ 1న న్యూయార్క్ నుంచి లండన్‌కు గంటా 54 నిమిషాల 56 సెకన్లలో చేరినదీ, 1990 మార్చి 6న లాస్ ఏంజెలిస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో వెళ్లినదీ ఆ ఒక్క విమానమే. అందువల్ల సంఖ్యను బట్టి నమూనా ఆ విమానపు ఏ కాలపు రూపమో తేలదు. తెల్లని అక్షరాలు, నక్షత్ర చిహ్నం ఉంటే తొలినాళ్లది, సన్నని ఎర్ర గుర్తులే ఉంటే 1980లదో ఆ తరువాతిదో అనుకోవచ్చు. నమూనాను ఎత్తేటప్పుడు ఆ కుడి రెక్కను పట్టుకోకుండా, నడుము కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి.