నాన్నగారి మౌనం వయసు ప్రభావమేనా?

ప్రశ్న: అమ్మ పోయిన తరువాత నాన్నగారు ఎవరితోనూ కలవడం లేదు, ఫోను మోగినా ఎత్తరు, పలకరిస్తే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు గాని, ఒళ్లు నొప్పులనీ నిద్ర పట్టడం లేదనీ తరచూ చెబుతుంటారు. వయసు ప్రభావమేనని సరిపెట్టుకోవచ్చా?

జవాబు 1: దయచేసి సరిపెట్టుకోకండి. పెద్దవారిలో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా కాక నొప్పులుగా, నిద్రలేమిగా, ఆకలి మందగించడంగా బయటపడుతుంది. ఇవి రెండు వారాలు దాటి కొనసాగుతుంటే వైద్యుణ్ణి కలవడం అవసరం. థైరాయిడ్ సమస్య, విటమిన్ బి12 లోపం, వాడుతున్న కొన్ని మందులు సైతం ఇటువంటి స్థితిని తెస్తాయి గనుక వాటి గురించీ అడగండి.

జవాబు 2: వినికిడినీ పరీక్ష చేయించండి. మాట సరిగా వినపడనివారు, మళ్లీ మళ్లీ చెప్పమనడానికి మొహమాటపడి, క్రమంగా నలుగురిలోకి రావడమే మానేస్తారు.

ప్రశ్న అడిగినవారు: టీవీ శబ్దం బాగా పెంచుతున్నారు, ఇప్పుడు అర్థమవుతోంది. రెండు పరీక్షలూ చేయిస్తాను.

జవాబు 1: మంచిదండి. బతకాలని లేదన్న మాట వారి నోట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.