భంగార్ (పాత సామాన్ల) దుకాణంలో వైర్లు కాల్చడం ఆపించాలా? మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి వాళ్లు చెప్పండి

గల్లీవాడు:
మా గల్లీ చివర భంగార్ దుకాణం ఉంది. పాత టీవీలు, సీపీయూలు, ఛార్జర్లు గుట్టలుగా వస్తాయి. పొద్దుగూకాక వెనక ఖాళీ జాగాలో వైర్లు కాల్చి రాగి తీస్తారు. పొగకు కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాం. నగర పరిషత్‌లో ఫిర్యాదు ఇద్దామని కొందరు, వాళ్ల పొట్ట కొట్టొద్దని ఇంకొందరు. మీరేమంటారు?

భంగారోడి కొడుకు:
అన్నా, మా నాయన ఇరవై ఏండ్లు ఇదే పని చేశాడు. మరాఠీలో భంగార్, మనకు బంగారం, ఒక్క ఒత్తు తేడా అని నవ్వేవాడు. మీరు ఫిర్యాదు ఇస్తే దుకాణం మూస్తారు, పని మాత్రం ఆగదు. ఊరి బయటికి పోతుంది, అక్కడ అడిగేవాడే ఉండడు. కాల్చిన రాగికి రేటు తక్కువని మాకూ తెలుసు. లావు వైరు బ్లేడుతో గీరొచ్చు. సన్నవి రోజంతా గీరినా కూలి గిట్టదు.

బిలోలి సార్:
తమ్మీ, గిట్టుబాటు సరే. వైరు తొడుగు పీవీసీ ప్లాస్టిక్, కాలిస్తే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. గల్లీ కిటికీల కంటే ముందు అది కాల్చేవాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మూతికి గుడ్డ కట్టుకున్నా ఆ వాయువులు ఆగవు. ఇక పాత బోర్డుల టంకంలో దాదాపు 40 శాతం సీసమే. వేడి చేసి చిప్పులు ఊడదీసేచోట దాని పొగ, దుమ్ము బట్టలకు పట్టి ఇంటికొస్తాయి. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనే గీతే లేదని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది.

భంగారోడి కొడుకు:
మా అమ్మ ఆ బట్టలు మా బట్టలతో కలిపే ఉతికేది సార్.

గల్లీవాడు:
మీ నాయన ఇప్పుడు బాగున్నాడా?

భంగారోడి కొడుకు:
పని మానేశాడు. ఏండ్ల తరబడి కడుపునొప్పి, మలబద్ధకం. వెళ్లిన ప్రతిచోటా గ్యాస్ అని గోలీలిచ్చారు. చివరికి చేతిలో పట్టు తగ్గి స్క్రూడ్రైవర్ జారిపోయేది. ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు.

బిలోలి సార్:
సీసం విషంలో కనిపించేవి ఇవే. అదేనని నేను చెప్పలేను, రక్తంలో సీసం పరీక్ష చేయించు. ఫ్యాక్టరీ కార్మికుడైతే ఇలాంటి కేసును డాక్టరు ప్రభుత్వానికి తెలపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే ఉంది. దుకాణం వెనక కూర్చున్నవాడికి ఆ లెక్క లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పాత ఎలక్ట్రానిక్ సామాను) నిబంధనలు మాత్రం ఈ పనివాళ్లను నమోదు చేసి వాళ్ల ఆరోగ్యం చూడమని రాష్ట్రాలకు చెప్పాయి. నేనైతే ఫిర్యాదుకు బదులు ఆ నమోదు అడుగుతాను. సామాన్లు విప్పడం ఉండనివ్వండి, మంట పెట్టడం, బోర్డులను యాసిడ్‌లో వేయడం ఆపితే చాలు.

గల్లీవాడు:
నమోదు అయ్యేదాకా మా అమ్మ ఆయాసంతో ఎన్నాళ్లు ఉండాలి సార్? ఆదివారం దుకాణం ఆయనతో మాట్లాడతాను. వినకపోతే సోమవారం ఫిర్యాదు ఇస్తాను.

భంగారోడి కొడుకు:
నేనూ వస్తానన్నా. సన్న వైరు గీరే మిషన్ ధర ఎంతో ముందు కనుక్కుందాం.