ఏజెన్సీలో టీచర్ పోస్టింగ్ వచ్చింది. అన్నలు (మావోయిస్టులు) పోయారంటున్నారు, ఇక అక్కడ ఏం మారాలి?

భీమిలి కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది భీమిలి దగ్గర ఒక పల్లె. మెగా డీఎస్సీలో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ అల్లూరి జిల్లా పెదబయలు మండలంలో, ఒడిశా సరిహద్దు వైపు. ఆర్డరు చూసిన దగ్గర్నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. "ఎమ్మెల్యేనే చంపేసిన ప్రాంతం కదరా అది" అంటోంది. 2018 సెప్టెంబరులో లివిటిపుట్టు దగ్గర కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన సంగతి ఆవిడ మర్చిపోలేదు.

మామయ్య మాత్రం అదంతా అయిపోయిందంటాడు. 2025 మేలో మావోయిస్టు నాయకుడు నంబాల కేశవరావు, నవంబరులో మన మారేడుమిల్లి అడవిలోనే హిడ్మా ఎన్‌కౌంటర్లలో పోయారు, మధ్యలో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో 60 మందితో లొంగిపోయాడు, ఇంకెవరున్నారు అంటాడు.

ప్రాణభయం గురించి కాదు నేను అడిగేది. "ప్రాంతం మన చేతికొచ్చింది" అని టీవీలో రోజూ వింటున్నాను. ఆ ఊళ్లవాళ్లకి నిజంగా ఏం మారింది? మళ్లీ ఇంకో తరం తుపాకీ పట్టకుండా ఉండాలంటే ఏం జరగాలి? అక్కడ పనిచేసినవాళ్లు, అక్కడే పుట్టినవాళ్లు ఉంటే చెప్పండి.

పాడేరు మాస్టారు:

బాబూ, ముందుగా శుభాకాంక్షలు. ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లో 19 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెబుతాను.

ఆ రోజుల్లో ప్రభుత్వం పొద్దున తొమ్మిదిన్నర జీపుకి వచ్చేది, సాయంత్రం నాలుగు గంటల జీపుకి వెళ్లిపోయేది. నేనూ అలా వెళ్లిపోయినవాణ్నే, మొదటి రెండేళ్లు. రాత్రి ఊరు దళానిది, అంటే తుపాకులతో తిరిగే మావోయిస్టులది. అన్నదమ్ముల గట్టు తగాదా, షావుకారు పసుపు తూకంలో చేసిన మోసం, తాగి పెళ్లాన్ని కొట్టిన మొగుడి పంచాయితీ, అన్నీ రాత్రే తేలేవి. పోలీస్ స్టేషనుకి వెళ్లాలంటే ఒక రోజు నడక, తహసీల్దారు ఆఫీసుకి రెండు సార్లు తిరగాలి. దళం మాత్రం గడప దగ్గరికే వచ్చేది. ఒకసారి నేను బడిలోనే పడుకున్న రాత్రి వచ్చారు. హాజరు పట్టీ తెమ్మని, లాంతరు వెలుగులో నేను బడికి రాని రోజులు వేలితో లెక్కపెట్టారు. భయంతో నా నోరు ఎండిపోయింది. అయినా ఆ లెక్క ఏ ఎంఈవో (మండల విద్యాధికారి) వచ్చి నన్ను అడగలేదన్న మాట కూడా నిజం.

అలాగని వాళ్లను దేవుళ్లను చేయను. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి, సంతకెళ్లి వస్తున్న మనిషిని చంపి దారిలో పడేసి, పక్కన కాగితం పెట్టిపోయారు. అతని కొడుకు నా దగ్గర నాలుగో తరగతి. ఆ మర్నాడు బడికొచ్చి పలక మీద ఒక్క అక్షరం రాయలేదు. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

ఊళ్లో ఒక ముసలామె ఉండేది, ఆమె డేగిశా గురించి చెప్పాలి. ఇరవై మందికి అన్నం ఉడికే పెద్ద గిన్నె. రాత్రి దళం వస్తే అందులో వండిపెట్టాలి, పెట్టకపోతే ఊరుకోరు. తెల్లారితే అడవి గాలించే పోలీసుల కూంబింగ్ పార్టీ వచ్చి "ఇంత పెద్ద గిన్నె నీకెందుకు, ఎవరికి వండావు?" అంటారు. అందుకని కోడి కూయకముందే గెడ్డ దగ్గరికి తీసుకెళ్లి, బూడిదతో తోమి, మసి ఆనవాలు లేకుండా చేసి, పశువుల పాకలో గడ్డి కింద దాచేది. డెబ్బై ఏళ్ల మనిషి, చలికాలంలో, చీకట్లో. ఎన్నేళ్లు అలా తోమిందో! పోరాటమని వాళ్లన్నారు, ఆపరేషన్ అని వీళ్లన్నారు. ఆమెకి మాత్రం అదంతా ఆ గిన్నె తోమడమే.

అక్కడ ఇంకో పేరు కూడా వింటావు, వాకపల్లి. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోండు తెగ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుబట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. మాట తేలడానికి దాదాపు పదహారేళ్లు. దళం ఏ తగాదా అయినా ఒక్క రాత్రిలో తేల్చేది, అన్యాయంగానో న్యాయంగానో. ప్రభుత్వం ఆ ఊళ్లను గెలవాలంటే, న్యాయంగా తేల్చాలి, ఆ మనిషి బతికుండగా తేల్చాలి. ఇది జరగకపోతే ఎన్ని క్యాంపులు పెట్టినా నాకు నమ్మకం లేదు.

నువ్వు చేయగలిగింది ఒకటే ఉంది. ఊళ్లో కాపురం పెట్టు. వారానికి నాలుగు రాత్రులైనా.

చిత్రకొండ సూపర్‌వైజర్:

మాస్టారి మాటకి నాదొక ముక్క. నేను కాంట్రాక్టరు దగ్గర రోడ్డు పనుల సూపర్‌వైజర్ని, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కటాఫ్ ఏరియాలో చేశాను. బలిమెల రిజర్వాయరు కట్టాక 151 ఊళ్లు నీళ్లకు అవతల చిక్కుకుపోయాయి. లాంచీయే దిక్కు. 2008 జూన్ 29న మన గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు) బలగాలు వెళుతున్న లాంచీపై ఆ నీళ్లలోనే మావోయిస్టులు దాడి చేశారు, 38 మంది పోయారు. 2011లో కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని వాళ్లు ఎత్తుకెళ్లిందీ ఆ ప్రాంతంలోనే.

2018 జులైలో ఆ ఊళ్లను కలుపుతూ గురుప్రియ వంతెన తెరిచారు, 910 మీటర్లు. అంతకుముందు టెండరు పిలిస్తే కాంట్రాక్టర్లు ముందుకొచ్చేవారు కాదు. వంతెన మీదుగా మొదట బీఎస్ఎఫ్ బండ్లు వెళ్లాయి, నిజమే. కానీ వెనకాలే ఇటుక, సిమెంటు, ఆటోలు, అంబులెన్సు వెళ్లాయి. అవతల ఒడ్డున పనిచేసేటప్పుడు ఒక పెద్దాయన రోజూ వచ్చి వంతెన మీద మధ్యదాకా నడిచి, నీళ్లకేసి చూసి, వెనక్కి వెళ్లిపోయేవాడు. అడిగితే, మా పొలం అక్కడ కింద ఉంది అన్నాడు. డ్యామ్‌లో మునిగిన పొలం. ఇన్నేళ్లకి వంతెన వచ్చినందుకు సంతోషపడాలో, పోయిన పొలానికి ఏడవాలో తెలియని మనిషి. రోడ్డు వేసినంత మాత్రాన ఆ బాకీ తీరదు. నేను రోడ్లు వేసేవాణ్ని కాబట్టే గట్టిగా చెబుతున్నాను.

హుకుంపేట నర్సు:

సార్, నేను ఆదివాసీని, ఆశ్రమ పాఠశాలలో చదువుకుని స్టాఫ్ నర్సునయ్యాను. మీకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పాలి. తప్పుగా అనుకోవద్దు.

మా ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబరు 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డీఎస్సీ వచ్చినప్పుడు మా వాళ్లు రోడ్డెక్కింది అందుకే. మీరు వెళ్లే ఊళ్లో డీఈడీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడు ఒకడైనా ఉంటాడు. తన కుర్చీలో మీరు కూర్చున్నారని అనుకుంటాడు. మీ తప్పు లేదు, మీరు పరీక్ష రాసి సంపాదించుకున్నారు. కానీ అతని కోపం మీకు తెలిసి ఉండాలి. అతన్ని దూరం పెట్టకండి, ముందు అతనితోనే స్నేహం చేయండి. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు రాదు, ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడతారు. మీ పాఠం వాళ్లకు చేరాలంటే అతని సాయం కావాలి.

రెండోది గంజాయి. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు కొట్టేశారు. కొట్టెయ్యాల్సిందే, మా పిల్లలు నాశనమయ్యారు. కానీ గంజాయి ఒక్క పంటకాలంలో డబ్బు చేతిలో పెడుతుంది. కాఫీ మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు. ఆ మధ్య ఇల్లు ఎలా గడవాలి? మైదానం నుంచి పెట్టుబడి పెట్టినవాడు తప్పించుకున్నాడు, మూట మోసిన మా కుర్రాడు విశాఖ సెంట్రల్ జైల్లో బెయిలు కోసం చూస్తున్నాడు. వాడు బయటికొచ్చాక ఎవరి మీద కోపంతో వస్తాడు? ప్రభుత్వం ఈ నాలుగేళ్ల ఖాళీని పూడ్చాలి. ఉపాధి పని డబ్బులు నెలనెలా పడాలి, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కాఫీ గింజలకి వెంటనే చెల్లించాలి.

డోలీ గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. పోయిన వర్షాల్లో ఒక గర్భిణిని డోలీలో మా దగ్గరికి తెచ్చారు. మోసిన నలుగురిలో ఒకాయన ఒకప్పుడు మావోయిస్టుల మిలీషియాలో ఉండి లొంగిపోయిన మనిషి. భుజం మీద తోలు ఊడిపోయింది. ఆయనకి నేనే మందు పూశాను. బిడ్డ దక్కింది. ఆయన ఊరికి మాత్రం ఇంకా రోడ్డు లేదు.

జగిత్యాల నర్సయ్య:

తమ్మీ, మాది వేరే కథ, కానీ మీకు పనికొస్తుందేమో. 1978లో దొరలకు ఎదురు తిరిగి రైతుకూలీలు చేసిన జగిత్యాల జైత్రయాత్ర నాడు నేను మా నాయిన భుజం మీద కూర్చుని వెళ్లాను. అదే ఏడాది మా తాలూకానూ సిరిసిల్లనూ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. ముప్పై ఏళ్లు నలిగాం. మా దగ్గర అన్నలు తగ్గడానికి గ్రేహౌండ్స్ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. దొరలు గడీలు వదిలి పట్నం పోయారు, వెట్టి పోయింది, కుర్రాళ్లు దుబాయి పోయారు. కోపానికి కారణం కొంత పోయింది, అందుకే మళ్లీ రాలేదు.

కానీ ఒకటి ఎవరూ చెప్పరు. మా వాడకట్టులో ఎదురెదురుగా రెండు ఇళ్లు. ఒక ఇంటి కొడుకు ఎన్‌కౌంటర్లో పోయాడు, ఎదురింటి పెద్దను ఇన్ఫార్మర్ అని అన్నల పార్టీ వాళ్లు చంపారు. ఈ చావుకి ఆ ఇంటివాళ్లే కారణమని రెండు ఇళ్లవాళ్లూ నమ్మారు. చాలా ఏళ్లు ఒకరి వాకిట్లో ఒకరు కాలు పెట్టలేదు. చివరికి ఒక పెళ్లికి, చనిపోయిన ఆ పెద్ద భార్య తానే పసుపు కుంకుమ, పత్రిక పట్టుకుని రోడ్డు దాటింది. ఈ ఇంటి తల్లి తలుపు దగ్గరే నిలబడి ఏడ్చింది. తర్వాత లోపలికి పిలిచింది. ఏ అధికారీ ఈ పని చేయించలేదు. చేయించగలిగితే ఎంత బాగుండేదో. లొంగిపోయినవాడికి డబ్బులిచ్చి ఊరికి పంపేస్తున్నారు, ఆ ఊళ్లో అతని చేతిలో దెబ్బ తిన్న ఇంటికి వెళ్లి ఎవరూ మాట్లాడడం లేదు. మీ దగ్గరైనా ఆ మాట ఎవరైనా ఎత్తుకోవాలి.

భీమిలి కుర్రాడు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. అక్కా, జీవో 3 సంగతి ఇంత వివరంగా తెలియదు, మీరు చెప్పాక రాత్రంతా ఆలోచించాను. ఆ కుర్రాణ్ని వెళ్లిన వారంలోనే కలుస్తాను. మాస్టారూ, ఊళ్లో ఉండాలని నిర్ణయించుకున్నాను. అద్దెకు గది దొరుకుతుందా? ఇంకొకటి, ఆ డేగిశా ముసలామె ఇప్పుడు ఉన్నారా?

పాడేరు మాస్టారు:

అద్దె గది దొరకదు బాబూ. బడిలోనే ఒక మూల సర్దుకో, సోలారు లైటు, మంచి దుప్పటి, దోమతెర తీసుకెళ్లు. బియ్యం డీఆర్ డిపోలో (జీసీసీ సరుకుల దుకాణంలో) దొరుకుతాయి. మలేరియా పరీక్ష మాత్రం జ్వరం వచ్చిన రోజే చేయించుకో, రేపటికి వాయిదా వేయకు.

ఆమె పోయి ఆరేళ్లయింది. పోయినేడాది పండగకి ఆ ఊరు వెళ్లాను. గిన్నె ఆమె మనవరాలి దగ్గరుంది. మసి పట్టి నల్లగా, పట్టపగలు వాకిట్లోనే బోర్లించి ఉంది. ఊళ్లో పెళ్లిళ్లకి ఆ గిన్నెలోనే వండుతున్నారట.