ఇంటర్ తర్వాత ఒక ఏడాది ఆగితే తప్పా?

పటమట అమ్మ:
నమస్తే అండీ. మా అమ్మాయి ఈసారి బైపీసీ పాసైంది. ఇంటర్ మార్కులు బాగానే వచ్చాయి, నీట్‌లో మాత్రం ఎంబీబీఎస్ సీటు వచ్చేంత రాలేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుకు బీఫార్మసీ వస్తుందంటున్నారు. మావారు నీట్ మళ్లీ రాయించే ఏడాది కోచింగ్, అదే లాంగ్‌టర్మ్‌లో చేర్పిద్దామని గన్నవరం వైపు హాస్టళ్లు కూడా చూసొచ్చారు. పిల్ల రెండిటికీ ఒప్పుకోవట్లేదు. "ఒక్క ఏడాది ఆగుతానమ్మా. సూర్యారావుపేటలో మావయ్య మెడికల్ షాపులో పనిచేస్తాను, కంప్యూటర్ నేర్చుకుంటాను, ఏం చదవాలో అప్పుడు నేనే చెబుతాను" అంటోంది. రాసి రాసి దాని మధ్యవేలికి కాయ కాసింది. అది చూస్తే కాదనబుద్ధి కావట్లేదు. బంధువులేమో ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడతారా అని మొదలుపెట్టారు. మీరేమంటారు?

అరండల్‌పేట నాన్న:
ఆపొద్దు మేడమ్. ఇద్దరు పిల్లల్ని చదివించిన అనుభవంతో చెబుతున్నా. మొదటిది, ఈ ఏడాది ఎంసెట్ ర్యాంకు ఈ ఏడాదికే పనికొస్తుంది. వచ్చే ఏడాది చేరాలంటే మళ్లీ రాయాలి, అప్పటికి సగం మర్చిపోతుంది. రెండోది, క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కొన్ని కంపెనీలు చదువులో గ్యాప్ ఎంతుందో అడుగుతాయి, ఇన్ని నెలలకు మించి ఉండకూడదని షరతు పెడతాయి. మూడోది పైకి ఎవరూ చెప్పరు. పిల్ల ఖాళీగా ఉందని తెలిస్తే సంబంధాలు చెప్పేవాళ్లు వారానికొకరు వస్తారు. చదువుకుంటోంది అనే మాట ఒక్కటే వాళ్లను గుమ్మం దగ్గర ఆపేది. బీఫార్మసీలో చేర్పించండి. నచ్చకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

బ్రాడీపేట లెక్చరర్:
సార్ చెప్పిన భయాలు మూడూ ఉన్నవే, కొట్టిపారేయను. కానీ మన దగ్గర ఇంటర్ తర్వాత ఏడాది ఆగడం కొత్తా? ఫలితాలు వచ్చాక విజయవాడ, గుంటూరు హాస్టళ్ల ముందు పెట్టె, పరుపు దింపుకుంటూ నిలబడే పిల్లల్లో ఎంతోమంది అలా ఆగినవాళ్లే కదా. దానికి లాంగ్‌టర్మ్ అని పేరు పెట్టాం కాబట్టి ఏ బంధువూ ఏమీ అనడు. అదే పిల్ల ఆ ఏడాది నేను వాడుకుంటాను అంటే మాత్రం పరువు పోతుంది.

నేను జువాలజీ చెబుతాను, లాంగ్‌టర్మ్ సెక్షన్లకు కూడా చెప్పాను. జూన్‌లో వచ్చినప్పుడు పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. కప్ప గుండెకు మూడు గదులే ఉంటే మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోవా సార్ అని ఒకమ్మాయి క్లాసంతా ఆపేసి అడిగింది. దసరా సెలవులు అయ్యాక అదే అమ్మాయి నోట్సులోంచి తల ఎత్తకుండా, "సార్, ఇది నీట్‌లో వస్తుందా?" అంది. వారం పరీక్ష ర్యాంకులు బోర్డు మీద అంటించిన రోజు కొందరు పిల్లలు అటు వెళ్లరు. స్నేహితుణ్ని పంపుతారు. వాడు తిరిగొచ్చి నోటితో అంకె చెప్పడు, ఆ ర్యాంకుతో తనను పంపినవాడు ఏ సెక్షన్‌కు మారాడో వేలు చూపిస్తాడు. నూట ఎనభై ప్రశ్నల పరీక్ష కోసం ఏడాదంతా అలా గడిపి, కోరుకున్న సీటు తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. అది తాము కోరుకుని చేశారు కాబట్టి తట్టుకున్నారు. వద్దంటున్న పిల్లను అందులో వేయడం మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

విదేశాల్లో గ్యాప్ ఇయర్ అంటే చాలాసార్లు ముందు సీటు తెచ్చుకుని, చేరడం ఏడాది వాయిదా వేసుకోవడం. హార్వర్డ్ అయితే సీటు వచ్చిన పిల్లలను ఆ సంగతి ఆలోచించుకోమని తానే ప్రోత్సహిస్తుంది. ఒబామా పెద్దకూతురు మాలియా 2016లో స్కూలు పూర్తిచేసి 2017లో అక్కడ చేరింది. ఆ ఏడాదీ ఆమె సీటు ఆమెదే. మన కౌన్సెలింగ్‌లో అలా నిలిపి ఉంచరు. చేరకపోతే పోయినట్టే. అందుకే ఇక్కడ ఆగడమంటే తల్లిదండ్రులకు అంత టెన్షన్. ఎంసెట్‌లో సీటు తెచ్చుకున్న పిల్లకు ఒక ఏడాది వాయిదా అడిగే హక్కు ఉండాలి. మనం పోట్లాడాల్సింది దాని కోసం.

ఎవరు ఆగుతున్నారన్నది కూడా చూడాలి. ఎంపీసీ చదివి ఐఐటీ మీద ఆశ ఉన్న పిల్లాడు ఊరికే ఆగితే నష్టం. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. 2024 నవంబరులో మూడుసార్లు అని ప్రకటించి, రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ రెండుకు తెచ్చారు. నీట్‌కు ఆ బెడద లేదు. ఎన్నిసార్లయినా రాయొచ్చు, 2022లో గరిష్ఠ వయసు పరిమితి కూడా తీసేశారు. మీ అమ్మాయికి ఇరవై ఒకటో ఏట డాక్టరు కావాలనిపించినా దారి మూసుకుపోదు.

గుణదల కుర్రాడు:
నేను లాంగ్‌టర్మ్ చేసినవాడినే అన్నా. సీటు రాలేదు, ఇప్పుడు లయోలా కాలేజీలో డిగ్రీ. చదువు కష్టం కాదు నాకు. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "తిన్నావా" అనే ముందే "ఎంత వచ్చింది" అనేది. ఆ ఏడాది మా చెల్లి ఎనిమిదో క్లాసుకు వచ్చిందని కూడా ఇంటికి వచ్చాకే తెలిసింది నాకు. ఆంటీ, మీ అమ్మాయిని షాపుకి పంపండి.

యార్డు గుమాస్తా:
మీరంతా డబ్బున్న ఇళ్ల సంగతి మాట్లాడుతున్నారు. నేను గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తాను. మా దగ్గర ఇంటర్ అయిన కుర్రాళ్లు "ఈ సీజనే బాబాయ్, కాలేజీలు తెరిచాక వెళ్లిపోతా" అని కాటా దగ్గర చేరతారు. ఫిబ్రవరి, మార్చిలో సరుకు దండిగా వస్తుంది, చేతిలో రోజూ డబ్బు ఆడుతుంది. మొదటి నెల అమ్మకు చీర కొంటారు. తర్వాత బండి వాయిదా మొదలవుతుంది. చెల్లి ఫీజు వాడి జీతంలోంచే పోతుంది. ఇక వాణ్ని కాలేజీకి ఎవరు పంపుతారు? ఇంటికి వాడి డబ్బు అలవాటు పడిపోయింది. వాడు చెడిపోయి కాదు, మంచివాడు కాబట్టే ఆగిపోయాడు. మాలాంటి ఇళ్లలో ఏడాది ఆగడమంటే చదువు ఆగడమే సార్.

బ్రాడీపేట లెక్చరర్:
గుమాస్తా గారూ, ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన మాట మీదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జీతం మీద ఇల్లు ఆధారపడే చోట పిల్లలు ఒక్క రోజు కూడా ఏ కాలేజీ పేరూ లేకుండా ఉండకూడదు. రెగ్యులర్ కాలేజీ కుదరకపోతే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో వేయండి. జులైలోనూ జనవరిలోనూ రెండుసార్లు అడ్మిషన్లు ఉంటాయి, ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. పని చేసుకుంటూనే డిగ్రీ నడుస్తుంది. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ కూడా ఒప్పుకుంది, కాబట్టి తర్వాత రెగ్యులర్ సీటు వచ్చినా ఇది వదలక్కర్లేదు.

అమ్మా, మీ ఇంట్లోనూ ఒకటి తేల్చుకోండి. షాపులో మావయ్య ఇచ్చే డబ్బు ఇంటి ఖర్చులో కలవకూడదు.

అరండల్‌పేట నాన్న:
లెక్చరర్ గారూ, సీటు వాయిదా హక్కు వచ్చిన రోజు నేనే ముందు మద్దతిస్తాను. అది లేనంతవరకు ఉన్న సీటు వదులుకోమని ఏ ఆడపిల్ల తల్లికీ చెప్పలేను. నా మాట మీదే ఉన్నా.

పటమట అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మావారికి చదివి వినిపించాను. గుమాస్తా గారి మాట దగ్గర చాలాసేపు మాట్లాడలేదు ఆయన. చివరికి ఒప్పందం ఇదీ: డిసెంబరు దాకా షాపు, కంప్యూటర్ క్లాసు. జనవరి నుంచి ఎంసెట్‌కు ఇంట్లోనే చదవాలి, మేలో రాయాలి. ఆ రాసేది కూడా తను ఫార్మసీ కావాలంటేనే. జీతం దాని పేరున బ్యాంకులో వేయమని అన్నయ్యతో చెప్పాను. హాస్టల్‌కు ఇంకా అడ్వాన్సు కట్టలేదు, అదొక్కటి నయం. సార్, టీసీ కాలేజీలోనే ఉంచేయొచ్చా?

బ్రాడీపేట లెక్చరర్:
ఉంచొద్దమ్మా, ఇప్పుడే తెచ్చుకోండి. టీసీ, మార్కుల మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టి జిరాక్సులు తీయించండి. వచ్చే ఏడాది కాలేజీలో గ్యాప్ గురించి అడిగితే స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాసి నోటరీ చేయిస్తారు, మామూలుగా దాంతో సరిపోతుంది. మావయ్య గారి చేత కూడా ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు పనిచేసిందని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.