రస్ట్ హ్యాండ్స్-ఆన్ సెషన్: 3 గంటల్లో ఏం చేయించాలి?

ప్రశ్న

నమస్తే అండీ. విజయవాడలో మాది చిన్న ప్రోగ్రామర్ల గ్రూపు, నెలకోసారి కలుస్తాం. ఇప్పటిదాకా అన్నీ టాక్‌లే, ఒకరు స్లైడ్లు చూపిస్తారు, మిగతావాళ్లు విని వెళ్లిపోతారు. ఈసారి అందరిచేతా కోడ్ రాయిద్దామని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష పెట్టుకున్నాం. ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ఆదివారం ల్యాబ్ ఇస్తామన్నారు. 30 మంది దాకా వస్తారు, సగం మంది సీ, జావా తెలిసిన ఫైనలియర్ పిల్లలు, మిగతావాళ్లు ఉద్యోగస్తులు. ఉన్నది 3 గంటలు. ఇన్‌స్టాలేషన్‌కే టైమంతా పోతుందేమోనని ఒక టెన్షన్, ఓనర్‌షిప్ (ప్రతి విలువకీ ఒక్కరే యజమాని ఉండాలన్న రస్ట్ నియమం) మొదలవగానే జనం చేతులెత్తేస్తారేమోనని ఇంకోటి. ఇలాంటివి నడిపినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1

ఇన్‌స్టాలేషన్‌ని ఆ 3 గంటల్లోకి అసలు రానివ్వకండి. విండోస్‌లో రస్టప్ (రస్ట్ ఇన్‌స్టాలర్) ఒక్కటి దించుకుంటే సరిపోదు, మామూలు టూల్‌చెయిన్‌కి (కంపైలర్, దాని తోడు టూల్స్) మైక్రోసాఫ్ట్ సీ++ బిల్డ్ టూల్స్ కూడా కావాలి, అవి గిగాబైట్లలో ఉంటాయి, పైగా అడ్మిన్ పర్మిషన్ అడుగుతాయి. ఆదివారం పూట ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ ఎత్తకపోతే అంతే సంగతులు. దాని బదులు గ్నూ టూల్‌చెయిన్ వేసుకుంటే ఆ బిల్డ్ టూల్స్‌తో పని లేదు, మొదటి సెషన్‌కి అది చాలు. లినక్స్ మెషిన్లయితే గొడవ తక్కువ: రస్టప్ యూజర్ హోమ్ ఫోల్డర్‌లోనే కూర్చుంటుంది, జీసీసీ (సీ కంపైలర్) ఉంటే చాలు.

సొంత ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లకి వారం ముందే వాట్సాప్‌లో పెట్టండి: రస్ట్‌తో వచ్చే కార్గో అనే బిల్డ్ టూల్‌లో కార్గో న్యూతో ప్రాజెక్ట్ చేసి, కార్గో రన్ కొట్టి, హలో వరల్డ్ వచ్చాక స్క్రీన్‌షాట్ పంపమని. వెర్షన్ నంబర్ చూపిస్తే ఒప్పుకోకండి, లింకర్ (కంపైలైన ముక్కల్ని ఒక ప్రోగ్రామ్‌గా కలిపే టూల్) లేదన్న సంగతి కంపైల్ చేస్తేనే బయటపడుతుంది. అయినా ఎవరికైనా కుదరకపోతే బ్రౌజర్‌లో రస్ట్ ప్లేగ్రౌండ్ తెరిచి కూర్చోబెట్టండి.

జవాబు 2

పైవారు చెప్పింది నిజం. ఓనర్‌షిప్‌కి మాత్రం స్లైడ్లు వద్దండీ, ఎర్రర్‌తోనే మొదలుపెట్టండి. ఒక స్ట్రింగ్‌లో ఊరి పేరు పెట్టి, దాన్ని ఒక ఫంక్షన్‌కి పంపించి, తర్వాతి లైన్‌లో మళ్లీ ప్రింట్ చేయమనండి. జావాలో ఇది హాయిగా నడుస్తుంది. ఇక్కడ ఈ0382 అనే ఎర్రర్ (చేతులు మారిన విలువని మళ్లీ వాడారని) వస్తుంది, విలువ ఏ లైన్‌లో చేతులు మారిందో, ఏ లైన్‌లో మళ్లీ వాడామో కంపైలరే గీతలు గీసి చూపిస్తుంది. దాన్ని ఒకరిచేత పైకి చదివించండి. అప్పుడు సీ వచ్చిన పిల్లల్ని అడగండి, ఆ మెమరీని ఫ్రీ చేయాల్సింది ఎవరు, పిలిచినవాడా, పిలిపించుకున్న ఫంక్షనా, ఇద్దరూ చేస్తే ఏమవుతుంది అని. ఈ నియమం ఎందుకుందో వాళ్లకే తడుతుంది.

ఇంకోటి, మన పిల్లలకి తప్పకుండా చూపించండి. "తెలుగు" అనే స్ట్రింగ్‌కి లెన్ (బైట్లలో పొడవు) అడిగితే 18 అంటుంది, క్యారెక్టర్లు లెక్కపెట్టమంటే 6, మన కంటికి కనిపించేవి 3 అక్షరాలు. రస్ట్ స్ట్రింగ్‌లు వాడే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో మన ఒక్కో కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో ఒక గుర్తుకున్న నంబర్) 3 బైట్లు, గుణింతపు గుర్తు విడిగా ఇంకో కోడ్‌పాయింట్ కాబట్టి. మొదటి 3 బైట్లు కోస్తే "త" ఒక్కటే వస్తుంది, ఎత్వం పోతుంది. ఒక్క బైటే కోస్తే ప్రోగ్రామ్ ప్యానిక్ అవుతుంది, అంటే ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది. ఈ భాష స్ట్రింగ్ విషయంలో ఎందుకంత పట్టుగా ఉంటుందో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

జవాబు 3

అధికారిక పుస్తకంలోని నంబర్ గెస్సింగ్ ఆట చేయించేటట్టయితే, అది ర్యాండ్ అనే క్రేట్‌ని (లైబ్రరీని) నెట్ నుంచి దించుకుంటుంది. 30 మంది ఒకేసారి కాలేజీ వైఫై మీద పడితే కష్టం, ముందు రోజే ప్రతి మెషిన్‌లో ఒకసారి బిల్డ్ చేసి ఉంచండి. ఏడెనిమిది మందికి ఒకరు చొప్పున తిరిగి చూసేవాళ్లు ఉండాలి, వాళ్లు కీబోర్డ్ లాక్కుని టైప్ చేయకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ, గ్నూ టూల్‌చెయిన్ సంగతి నాకు తట్టలేదు, శనివారమే ల్యాబ్‌కి వెళ్లి చూసుకుంటాం. బారోయింగ్ (యజమాని మారకుండా విలువని అరువిచ్చి వాడటం), లైఫ్‌టైమ్స్ (ఆ అరువు ఎంతసేపు చెల్లుతుందో చెప్పేవి) కూడా పెట్టమంటారా?

జవాబు 2

బారోయింగ్ పెట్టండి, ఆ ఊరి పేరు ప్రోగ్రామ్‌లోనే ఆంపర్‌సాండ్ (&) చేర్చి ఎర్రర్ పోయేలా చేయిస్తే చాలు. లైఫ్‌టైమ్స్ వచ్చే నెలకి ఉంచుకోండి.