«ఫెర్రో అయస్కాంత బంధకం»: యిగ్‌కు ఈ మాట చెల్లుతుందా?

మల్లేశ్వరం: ఎమ్మెస్సీ పిల్లల ల్యాబ్ నోట్సులో యిట్రియం ఐరన్ గార్నెట్‌ను, అదే యిగ్‌ను, "వేడికి తట్టుకునే ఫెర్రో అయస్కాంత బంధక ఆక్సైడు" అని రాశాం (బంధకం అంటే కరెంటు పారనివ్వనిది). సరేనా అండీ? "సూదంటురాయి" అన్న పాత మాటకు ఇందులో చోటుందా?

యశవంతపుర: "బంధకం" బాగుందండీ, మార్చకండి. చిక్కంతా "ఫెర్రో"తోనే. యిగ్ ఫెర్రి, అంటే అయాన్ల అయస్కాంత దిక్కులు ఎదురెదురుగా ఉన్నా బలం కొంత మిగిలేది. ఫార్ములాకు అయిదు ఇనుప అయాన్లు. చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న చతుర్ముఖీయ స్థానాల్లోని మూడూ ఒకవైపు, ఆరు ఆక్సిజన్లున్న అష్టముఖీయ స్థానాల్లోని రెండూ ఎదురువైపు చూస్తాయి. పోగా మిగిలేది ఒక్క అయాను బలం, 5 బోర్ మాగ్నెటాన్లు (అణువుల స్థాయి అయస్కాంత బలానికి కొలమానం). ఈ అమరికకు 1948లో లూయీ నీల్ ఫెర్రిమాగ్నెటిజం అని పేరు పెట్టాడు. గుడి పోయి ఓత్వం వస్తే పదార్థమే మారిపోతుంది, ప్రూఫులో జారేదీ అదే.

అన్నీ ఒకే దిక్కు చూసే అసలు ఫెర్రో బంధకాలు ఆక్సైడుల్లో అరుదు, ఉన్నవీ చాలావరకు వేడికి ఆగవు. యూరోపియం ఆక్సైడు 69 కెల్విన్‌కే చేతులెత్తేస్తుంది. లాంథనం నికెల్ మాంగనేట్ సుమారు 280 దాకా వస్తుంది. బెంగళూరు డిసెంబరు చలి కూడా దానికి ఎక్కువ వేడే! ఆక్సిజన్ మీదుగా సాగే వినిమయం, అంటే అయాన్ల అయస్కాంత దిక్కులను ముడిపెట్టే ప్రభావం, మామూలుగా పక్క అయాన్లను ఎదురెదురుగా నిలబెడుతుంది. ఒకే దిక్కుకు తిప్పే ద్వంద్వ వినిమయానికి తిరుగాడే ఎలక్ట్రాన్లు కావాలి. అవి ఉంటే ఇక బంధకమెక్కడిది?

మారతహళ్లి: సూదంటురాయి సంగతి చెప్పలేదు.

యశవంతపుర: అది మాగ్నెటైట్. ఇక్కడి కన్నడిగుల "సూజిగల్లు" కూడా అదే. ఆక్సైడే, 858 కెల్విన్ దాకా నిలుస్తుంది, అదీ ఫెర్రియే. కానీ ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ దూకుతుంది కనుక కరెంటు పారుతుంది. బంధకాల పట్టికలో వేయకండి. అక్కడ కోబాల్ట్ ఫెరైట్ పెట్టుకోవచ్చు, సుమారు 790 కెల్విన్.

మల్లేశ్వరం: "ఫెర్రి" అని దిద్దాం. తయారీ భాగం ఇదీ: 10 గ్రాములకు యిట్రియం ఆక్సైడు 4.59, ఫెర్రిక్ ఆక్సైడు 5.41 గ్రాములు. నూరి 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, మళ్ళీ నూరి, బిళ్ళ నొక్కి 1400 దగ్గర కాల్చాలి.

మారతహళ్లి: తూచే ముందు యిట్రియం ఆక్సైడును 900 డిగ్రీల దగ్గర ఆరబెట్టమని చేర్చండి. అది గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది. అలాగే తూస్తే యిట్రియం తగ్గి ఫెర్రిక్ ఆక్సైడు మిగిలిపోతుంది. నూరడం అగేట్ కల్వంలోనే. ఇనుప రోలు అరిగి రజను కలిస్తే లెక్క తప్పుతుంది. చల్లార్చడం గాలిలో, నెమ్మదిగా. ఆక్సిజన్ చాలకపోతే ఫెర్రస్ అయాన్లు పుట్టి నిరోధం పడిపోతుంది, మీ "బంధకం" మాట అక్కడే అబద్ధమవుతుంది.

యశవంతపుర: ఇంకొకటి. యిగ్ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే ఈ అయస్కాంత అమరిక చెదిరిపోయే వేడి, 560 కెల్విన్, అదే 287 డిగ్రీల సెల్సియస్. ఆ పైన కూడా కాస్త అయస్కాంతత్వం కనబడితే కొత్త పదార్థం దొరికిందని పిల్లలు సంబరపడతారు. చాలాసార్లు అది చర్య పూర్తికాక మిగిలిన యిట్రియం ఆర్థోఫెరైట్ (యిట్రియం, ఇనుములదే మరో ఆక్సైడు), సుమారు 640 కెల్విన్ దాకా కొద్దిగా లాగుతుంది. ఎక్స్-రేలో దాని గీతలు కనిపిస్తే బిళ్ళ పగలగొట్టి, నూరి, మళ్ళీ 1400 దగ్గర కాల్చమనండి.